ప్రీతికి పరీక్ష ఏల?

‘పిచ్చి’ అన్న మాటను మన తెలుగువారు రెండు విధాల వాడుతారు. వైద్యుని వద్దకు తీసికొనిపోవలసిన పిచ్చి ఒకటి. ఇంటివారు పైకి విసుగుకొంటూ లోలోపల మురిసిపోయే పిచ్చి మరొకటి. వానికి పద్యాల పిచ్చి అంటాము. ఆమెకు మొక్కల పిచ్చి అంటాము. తపాలా బిళ్ళల పిచ్చి, పాత పాటల పిచ్చి, చదరంగం పిచ్చి మొదలైనవి లేని వీధి ఉండదు. ఈ రెండవ రకం పిచ్చి గలవానిని చూచి నలుగురూ నవ్వుతారు. కాని ఆ విషయంలో సందేహం కలిగిననాడు ఆ నలుగురూ వెదుక్కొంటూ వచ్చేది వాని గుమ్మానికే.

ఆంగ్లంలో ఇట్టివానికి ‘గీక్’ అని పేరు. ఆ మాట చరిత్ర విచిత్రమైనది. మొదట అది ఇంగ్లండు మాండలికాలలో వెర్రివాడు, మూఢుడు అన్న అర్థం గల తిట్టు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో అమెరికా తిరునాళ్ళలో, బ్రతికివున్న కోడి తల కొరికి చూపరులను జడిపించి పొట్టపోసికొనే దౌర్భాగ్యుని ఆ పేరుతో పిలిచినారు. అటుపిమ్మట, తోటివారితో కలియక పుస్తకాలలోనో యంత్రాలలోనో తలదూర్చుకొనే విద్యార్థికి అది ఎగతాళి పేరైనది. నేడు ఆ పేరును తమంత తామే తగిలించుకొని గర్వించేవారు లోకంలో కోకొల్లలు. మన భాషాశాస్త్ర గ్రంథాలలో దీనినే అర్థోత్కర్ష అంటారు. ఒకనాడు జూదశాలకు చెందిన ‘సభికుడు’ నేడు సభలో ముందు వరుసను కూర్చున్న పెద్దమనిషి కాలేదా? అట్లే ఈ గీకూ గౌరవం సంపాదించుకొన్నాడు.

ఈ గీకుల లోకంలో ఏమున్నవి? వైజ్ఞానిక కల్పనా కథలు, లేని రాజ్యాల చరిత్రలు, బొమ్మల కథలు, పాచికలతో ఆడుతూ కథ అల్లుకొనే ఆటలు, కంప్యూటరు మీది క్రీడలు, వీటన్నిటిని గూర్చిన అంతులేని ముచ్చట్లు ఉన్నవి. సాహిత్యపుటలో దీనికి చోటేమిటని కొందరు పెద్దలు అడుగవచ్చును. నా సమాధానం రెండు మాటలు. మన విద్యార్థులలో అనేకులు సాయంకాలం ఇంటికి పోయిన తరువాత ఈ లోకంలోనే నివసిస్తున్నారు. ఉపాధ్యాయులమైన మనకు దాని పొలిమేరలు కూడ తెలియవు. ఇది ఒకటి. ఈ లోకపు చరిత్ర, సామాన్య పాఠకులు తమంత తాము రచయితలైన చరిత్ర. సాహిత్యాభిమానులు తెలిసికోదగినది. ఇది రెండవది.

ఆ చరిత్ర ఒక పత్రికలో మొదలైనది. హ్యూగో గెర్న్స్‌బాక్ అనే ఆయన 1884లో లక్సెంబర్గులో పుట్టి, 1904లో అమెరికాకు వలసపోయినాడు. రేడియో పరికరాలు అమ్మినాడు; రేడియో మీద మక్కువ గల యువకుల కొరకు పత్రికలు నడిపినాడు. 1926 ఏప్రిలులో ‘అమేజింగ్ స్టోరీస్’ అనే మాసపత్రికను స్థాపించినాడు. కేవలం వైజ్ఞానిక కల్పనల కొరకే వెలువడిన మొదటి ఆంగ్ల పత్రిక అది. మొదటి సంచికలో జూల్ వెర్న్, వెల్స్, పో వంటి పూర్వుల రచనలనే తిరిగి ముద్రించినాడు. చౌక కాగితం, కండ్లు చెదరే రంగుల ముఖచిత్రం. మర్యాదస్థులు చేతబట్టుకొని నలుగురిలో తిరుగుటకు జంకే పత్రిక.

ఆ పత్రికలో కథలకన్న ముఖ్యమైనది చివర అచ్చయ్యే పాఠకుల లేఖల పుట అని నేననుకొంటాను. లేఖతోపాటు వ్రాసినవారి పూర్తి చిరునామా కూడ సంపాదకుడు ముద్రించేవాడు. ఇంత చిన్న పనికి ఎంత ఫలితం కలిగినదో చూడండి. ఏదో ఊరిలో తన వీధిలో తానొక్కడే వెర్రివాడననుకొంటున్న కుర్రవానికి, మరొక ఊరిలో తనవంటి వెర్రివాడున్నాడని తెలిసినది. సంపాదకునికి వ్రాయడం మాని వారు ఒకరికొకరు వ్రాసికొన్నారు. ఉత్తరాలు సంఘాలైనవి, సంఘాలు పత్రికలు పెట్టినవి. 1930లో షికాగోలోని ఒక సంఘం ‘ది కామెట్’ అనే చిన్న పత్రికను వెలువరించినది. ఇట్టి అభిమానుల పత్రికలకు ‘ఫాన్‌జీన్’ అన్న పేరు 1940లో లూయీ రస్సెల్ షోవెనే అనే అభిమాని పెట్టినాడు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. మన పాఠశాలలలో, వసతిగృహాలలో, గ్రంథాలయాలలో లిఖిత పత్రికలుండేవి. ముత్యాలకోవవంటి దస్తూరి గలవాడు వ్రాసేవాడు. బొమ్మలు వచ్చినవాడు అంచులు దిద్దేవాడు. ఉన్నది ఒక్కటే ప్రతి, అది చేతులు మారుతూ అంచులు నలిగిపోయేది. పెద్ద పత్రికలకు పంపే ధైర్యం లేనివాడు మొదటి కథను అందులో వ్రాసేవాడు. అమెరికా కుర్రవారి ఫాన్‌జీను మన లిఖిత పత్రికకు పెత్తల్లి బిడ్డ వంటిది.

ఇట్టి చిన్న పత్రికలనుండి ఏమి పుట్టగలదని సందేహించేవారికి ఒక్క ఉదాహరణం. క్లీవ్‌లండు నగరంలో గ్లెన్‌విల్ ఉన్నత పాఠశాలలో జెరీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు విద్యార్థులుండేవారు. ఇద్దరూ వలసవచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. సీగెల్‌కు వ్రాత పిచ్చి, షూస్టర్‌కు బొమ్మల పిచ్చి. 1932లో వారు స్వంతంగా ఒక వైజ్ఞానిక కల్పనా పత్రిక ప్రారంభించినారు. 1933 జనవరి సంచికలో ‘అతిమానవుడు’ అన్న భావంతో ఒక కథ వేసినారు. ఆ కథలోని అతిమానవుడు దుష్టుడు. తరువాత వారే ఆ భావాన్ని మార్చి, మార్చి, దీనులను రక్షించే వీరునిగా తీర్చినారు. 1938లో ‘ఆక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో ఆ వీరుడు సూపర్‌మాన్ అన్న పేరుతో లోకానికి కనిపించినాడు. దాని హక్కులకు ఆ యువకులిద్దరికీ ముట్టినది 130 డాలర్లు మాత్రమే. ప్రీతితో పనిచేసేవానికి ధర తెలియదు; ధర తెలిసినవాడు వానిని సులభంగా మోసగించగలడు. ఈ సంగతి కూడ మన పిల్లలకు చెప్పవలసినదే.

మరొకరు రే బ్రాడ్‌బరీ. 1938లో ఉన్నత పాఠశాల ముగించినాడు. కళాశాలకు పోవుటకు డబ్బు లేదు. వీధి మూలను నిలబడి వార్తాపత్రికలు అమ్మినాడు; గ్రంథాలయాన్నే కళాశాలగా చేసికొన్నాడు. లాస్ ఏంజలీస్‌లోని అభిమానుల సంఘంలో చేరి, 1939లో ‘ఫ్యూచూరియా ఫాంటాసియా’ అనే పత్రికను తానే నడిపినాడు. అది నాలుగు సంచికలతో ఆగిపోయినది. కాని నడిపినవాడు ఆగలేదు. పుస్తకాలను తగులబెట్టే ఒక రాజ్యాన్ని గూర్చి ఆయన వ్రాసిన ‘ఫారన్‌హైట్ 451’ 1953లో వెలువడినది. దాని తొలిరూపాన్ని ఆయన ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయపు నేలమాళిగలో, అరగంటకు పది సెంట్లు అద్దె చెల్లించి, టైపు యంత్రం మీద కొట్టినాడు. తన్ను పెంచిన గ్రంథాలయంలో కూర్చొని, గ్రంథాలయాలు లేని లోకం ఎట్లుండునో వ్రాసినాడు.

కథల మాట సరే, జీవితానికేమి ప్రయోజనమని అడిగే లెక్కల మాస్టరుగారు ప్రతి పాఠశాలలోను ఒకరుంటారు. వారి కొరకు మూడవ ఉదాహరణం. ఇంగ్లండులో సముద్రతీరాన ఒక చిన్న ఊరిలో 1917లో పుట్టిన ఆర్థర్ క్లార్క్, బాల్యంలో ఈ చౌక పత్రికలనే ఆబగా చదివినాడు. 1933లో స్థాపించిన బ్రిటిష్ గ్రహాంతరయాన సంఘంలో పడుచుతనంలోనే చేరినాడు. చంద్రుని మీదికి పోదామనే ఆ సంఘంవారిని చూచి నాడు నవ్వనివారు తక్కువ. 1945 అక్టోబరులో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ఆయన ఒక వ్యాసం వ్రాసినాడు. భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరిగే మూడు కేంద్రాలను నిలిపితే లోకమంతటికీ వార్తలు ప్రసారం చేయవచ్చునని అందులో వివరించినాడు. ముప్పది ఏండ్ల తరువాత, 1975 ఆగస్టునుండి ఒక సంవత్సరంపాటు, అంత ఎత్తున నిలిచిన ఒక అమెరికా ఉపగ్రహం ద్వారా మన దేశంలో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు విద్యా కార్యక్రమాలు టెలివిజన్‌లో అందినవి. ఆ ఆరు రాష్ట్రాలలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ఉపగ్రహాన్ని నిర్మించినవారు, నడిపినవారు వేరు. వారి శ్రమను క్లార్క్ ఖాతాలో వేయరాదు. అయినా, చౌక పత్రిక చదివే బాలుని ఊహకు మన పల్లెటూరి బడి పెరటిలో నిలబెట్టిన టెలివిజన్ పెట్టెకు నడుమ ఒక దారి ఉన్నదని మాత్రం కాదనలేము.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. ఈ వ్యాసం వ్రాయుటకు నిజమైన కారణం అదే.

కొన్నేండ్ల క్రిందట నేను ఇంటర్మీడియట్ తరగతిలో సంధులు చెబుతున్నాను. వెనుక బల్లమీద ఒక పిల్లవాడు తలవంచుకొని ఏదో గీసికొంటున్నాడు. పోయి నోటుపుస్తకం లాగుకొన్నాను. ఏవో వింత అక్షరాలు. పక్కపుటలో కొండలు, నదులు, కోటలు గల ఒక పటము. “ఏమిటోయ్ ఇది?” అన్నాను. “నేను కల్పించిన భాషండి. ఆ రాజ్యంలోవాళ్ళు మాట్లాడేది” అన్నాడు మెల్లగా. నేను ఆ పుటను తరగతికంతకూ చూపించి, “నన్నయగారి భాష వంటబట్టనివానికి సొంత భాష కావలసివచ్చినదర్రా!” అన్నాను. తరగతి ఘొల్లున నవ్వినది. ఆ నవ్వు నాకు బాగుగానే ఉన్నది.

సాయంకాలం అధ్యాపకుల గదిలో ఊరక ఆ పుస్తకం తిరగవేసినాను. అచ్చులకు, హల్లులకు వరుసగా పట్టికలు గీసినాడు. మాటల జాబితా వ్రాసినాడు. దాని క్రింద నాలుగు సూత్రాలున్నవి. రెండు మాటలు కలిసినపుడు మొదటి మాట చివరి అచ్చు ఏమగునో, ఎక్కడ తప్పక లోపించునో, ఎక్కడ వికల్పమో, ఆ భాషలోని మాటలతోనే ఉదాహరణలిచ్చినాడు. ఆ ఉదయం నేను చెప్పిన పాఠమే అది. తరగతిలోని తక్కినవారు నా మాటలను పరీక్ష కొరకు వ్రాసికొన్నారు. ఆ ఒక్కడు మాత్రం సంధి అనేది ఒకటున్నదని నమ్మి, దానితో ఒక భాషకు ప్రాణం పోయుటకు పూనుకొన్నాడు.

మరునాడు పుస్తకం తిరిగి ఇచ్చినాను. రెండు చేతులతో అందుకొని సంచిలో పెట్టుకొన్నాడు. “బాగున్నది నాయనా” అని ఒక్క మాట నా నోట రాలేదు; తరగతి ఎదుట తప్పు ఒప్పుకొనుట ఉపాధ్యాయునికి అంత సులభం కాదు. ఆ రెండేండ్లలో వాడు మళ్ళీ నా తరగతిలో ఆ పుస్తకం తెరవలేదు, నోరూ తెరవలేదు. మంచి మార్కులతోనే ఉత్తీర్ణుడైనాడు.

వాని స్నేహితుని వలన నాకు టోల్కీన్ పేరు తెలిసినది. ఏబది ఏండ్లు దగ్గరపడినవాడిని, విద్యార్థి వద్ద పుస్తకం ఎరువు తెచ్చుకొని చదివినాను. టోల్కీన్ ఆక్స్‌ఫర్డులో ప్రాచీన ఆంగ్లభాష బోధించిన ఆచార్యుడు, నావంటి భాషోపాధ్యాయుడే. బాల్యంనుండి భాషలు కల్పించుట ఆయనకు వ్యసనం. కళాశాలలో చదివే రోజులలో ఫిన్నిష్ భాషా వ్యాకరణం ఒకటి గ్రంథాలయంలో దొరికినదట. దాని మాధుర్యానికి వశుడై, ఆ ఛాయలో ఒక కొత్త భాషను నిర్మించినాడు. భాష ఉంటే మాట్లాడే జనం ఉండవలెను గదా. జనానికి చరిత్ర ఉండవలెను. చరిత్రకు దేశం, దేశానికి పటం కావలెను. 1937లో ‘ది హాబిట్’, 1954-55లో మూడు సంపుటాలుగా ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ వెలువడినవి. భాషలకు ఒక లోకం కల్పించుటకే కథలు పుట్టినవని ఆయనే చెప్పుకొన్నాడు. ఆ పుస్తకం పూర్తిచేసిన రాత్రి నాకు కొండలు, నదులు, కోటలు గల ఆ నోటుపుస్తకం గుర్తుకు వచ్చి నిద్ర పట్టలేదు.

నేను చేసిన తప్పు ఏమిటి? వాని ప్రీతిని నేను ద్వారం దగ్గరే ఆపి పరీక్షించినాను. నన్నయ వచ్చునా, లేదా? రాకపోతే లోనికి రావద్దు. ఇది ఉపాధ్యాయుల జాతిదోషం. అయితే ఉపాధ్యాయులకే పరిమితం కాదు. గీకుల లోకంలోను ఈ దోషం మొదటినుండి ఉన్నది. వారి మొదటి ప్రపంచ సమ్మేళనం 1939 జులై 2న న్యూయార్కులో ప్రారంభమైనది. సుమారు రెండువందలమంది వచ్చినారు. ఆనాడే, రాజకీయ కరపత్రాలు పంచుతారన్న అనుమానంతో నిర్వాహకులు ఆరుగురు యువకులను గుమ్మంలోనే ఆపివేసినారు. లోకమంతా తమ్ము వెలివేసినదని బాధపడినవారు, తమకు ఒక చావడి దొరకగానే మొదట చేసినపని మరి ఆరుగురిని వెలివేయడం! ఆ ఆరుగురిలో ఫ్రెడరిక్ పోల్ తరువాత ప్రసిద్ధ రచయిత, సంపాదకుడైనాడు. డోనాల్డ్ వోల్‌హైమ్ 1971లో స్వంత ప్రచురణసంస్థ స్థాపించి ఎందరో కొత్త రచయితలను వెలికితెచ్చినాడు. గుమ్మం దగ్గర కాపలా ఉన్నవానికి లోపలికి రానున్న మనిషి ఎవరో తెలిసే అవకాశమే లేదు.

ఆ కాపలా నేటికీ తొలగలేదు. ఎవరైనా ఒక బాలిక ‘నాకు ఈ వీరుని కథలంటే ఇష్టం’ అంటే చాలు, ‘అయితే ఫలానా సంచికలో వాని శత్రువు పేరేమిటో చెప్పు’ అని ప్రశ్నించేవారు సిద్ధంగా ఉంటారు. ఇది మగపిల్లల లోకమని వారి నమ్మకం. చరిత్ర తెలియక అంటున్న మాట అది. 1818లో వెలువడిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ను వ్రాసిన మేరీ షెల్లీ స్త్రీ. 1939 సమ్మేళనానికి భవిష్యత్కాలపు వేషాలతో ఇద్దరు వచ్చినారు; నేడు లోకమంతటా వ్యాపించిన వేషధారణ వేడుకకు అదే ఆరంభం. ఆ దుస్తులు కుట్టినది ఆ ఇద్దరిలో ఒకరైన మర్టిల్ డగ్లస్ అనే మహిళ. 1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ అనే టెలివిజన్ కథామాలను రెండేండ్లకే నిలిపివేస్తారన్న వార్త వచ్చినపుడు, అభిమానుల చేత ఉత్తరాలు వ్రాయించే ఉద్యమాన్ని భర్తతో కలిసి నడిపినది బ్జో ట్రింబుల్ అనే ఆమె. ఆ కథామాల మరొక సంవత్సరం నడిచినది. 1976లో అభిమానుల ఉత్తరాల ఫలితంగానే అమెరికా మొదటి స్పేస్ షటిల్‌కు ఆ కథలోని నౌక పేరు ‘ఎంటర్‌ప్రైజ్’ అని పెట్టినారు. అది అంతరిక్షానికి పోలేదు, పరీక్షలకే పరిమితమైనది. అయినా పేరు పెట్టించినది పాఠకులు, ప్రేక్షకులు వ్రాసిన ఉత్తరాలే గదా!

మన అలంకారశాస్త్రంలో ‘సహృదయుడు’ అని ఒక గొప్ప మాట ఉన్నది. కావ్యాలను పదేపదే పరిశీలించుట వలన ఎవని మనస్సు అద్దమువలె నిర్మలమగునో వాడు సహృదయుడని అభినవగుప్తుని అభిప్రాయం. ఈ మాటను చూపి, ‘యోగ్యత లేనివానికి ప్రవేశం లేదు’ అని వాదించేవారున్నారు. నాకు అందులో వేరొకటి కనిపిస్తున్నది. అద్దం తుడువగా తుడువగా నిర్మలమగును. తుడుచుటకు ముందు అది చేతికి రావలెను గదా! అభ్యాసం వలన కలిగే అర్హతను అభ్యాసానికి పూర్వమే చూపుమనుట న్యాయం కాదు. సరదాగా వచ్చినవానిని రానిండు. వానిలో కొందరు సరదాతోనే తృప్తిపడి వెళ్ళిపోతారు. వారి వలన మనకు కలిగే నష్టం లేదు. కొందరు ఉండిపోతారు, రేపటి పండితులు వారే.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చును. ఇదంతా జీవితంనుండి పారిపోవడం కాదా అన్నది మొదటిది. టోల్కీన్ 1939లోనే ఒక ఉపన్యాసంలో దీనికి సమాధానం చెప్పినాడు. చెరసాలలో ఉన్న ఖైదీ ఇంటిని తలచుకొనుట వేరు, సైనికుడు యుద్ధభూమినుండి పారిపోవుట వేరు; ఈ రెంటినీ ఒకటిగా చూడరాదని ఆయన భావం. మన తాతలు పగలంతా పొలంలో శ్రమించి రాత్రి తెల్లవార్లు తోలుబొమ్మలాట చూచినారు. మరునాడు పొలం దున్నలేదా?

రెండవ ఆక్షేపణలో మాత్రం బలమున్నది. ఈ ప్రీతి నేడు పెద్ద వ్యాపారమైనది. 1970 ఆగస్టులో సుమారు మూడువందలమందితో సాన్ డియేగోలో మొదలైన బొమ్మల కథల సమ్మేళనానికి నేడు లక్షకు పైగా జనం వస్తున్నారు. సినిమా సంస్థలు అక్కడ తమ సరుకు ప్రదర్శిస్తున్నవి. మన హైదరాబాదులోను ఇట్టి సమ్మేళనాలు జరుగుతున్నవి. బొమ్మ కొని, చొక్కా కొని, టిక్కెట్టు కొని, తాను గొప్ప అభిమానిననుకొనే బాలుడు మోసపోతున్నాడు. క్లీవ్‌లండు విద్యార్థులు ఏమీ కొనలేదు, చేసినారు. నేను విద్యార్థులకు చెప్పదలచిన మాట ఇదే. నీకు నచ్చిన కథను గూర్చి ఒక పుట వ్రాయి. ఆ లోకపు పటం గీయి. ఆ వీరుడు మన ఊరి సంతలోకి వస్తే ఏమి మాట్లాడునో తెలుగులో వ్రాయి. చేసిననాడు ఆ ప్రీతి నీది. కొన్నంతవరకు అది వర్తకునిది. మరొక మాట: నీకు తెలిసినది తోటివానికి తెలియకపోతే ఎగతాళి చేయవద్దు. ఎగతాళి చేసి నేనేమి పోగొట్టుకొన్నానో పైన చెప్పినాను.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇంకను చిన్నది. మనకూ ఒకనాడు ఈ పిచ్చి ఉండేది. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు స్థాపించిన ‘చందమామ’ కొరకు తపాలా జవాను వచ్చే దారిని కాచుకొని కూర్చున్న తరాలలో మనమూ ఉన్నాము. ఆ పత్రిక ఆగిపోయిన తరువాత కూడ పాత సంచికలను ఏరి కూర్చి, ఈ బొమ్మ వడ్డాది పాపయ్యగారిదా, ఈ బేతాళుడు శంకర్‌గారు వేసినదా అని గంటలకొలది వాదించుకొనే పెద్దలున్నారు. ఉద్యోగాలు చేసి విరమించిన గౌరవనీయులు వారు. వారిని గీకులనక మరేమనాలి? వారిని చూచి మనం నవ్వము. ఆ వాదంలో మనమూ ఒక మాట కలుపుతాము. అదే మర్యాద మన వెనుక బల్లవానికి ఎందుకు దక్కరాదు?

పాఠశాలలో ఒక గోడ ఖాళీగా ఉంటుంది. వారానికొకసారి దానిమీద పిల్లల పత్రిక అంటించండి. అందులో ప్రబంధాల పద్యాలే ఉండాలని నియమం పెట్టవద్దు. గ్రహాంతరవాసులు రానీయండి, అతిమానవులు రానీయండి, పేరులేని రాజ్యాలు రానీయండి. భాష మాత్రం దిద్దండి. అది మన పని. ఏ కథ క్రింద ఏ పిల్లవాని పేరున్నదో చదివి, వాడు ఎదురైనపుడు దానిని గూర్చి ఒక ప్రశ్న అడగండి. పరీక్షించే ప్రశ్న వద్దు. తెలియనివాడు తెలిసినవానిని అడిగే ప్రశ్న అడగండి. గెర్న్స్‌బాక్ చేసినది కూడ ఇంతే. వారి పేరు, ఊరు అచ్చువేసి, మీరున్నారని మాకు తెలుసునని చెప్పినాడు.

నా విద్యార్థి ఇప్పుడెక్కడో ఉద్యోగం చేస్తూ ఉండాలి. ఆ నోటుపుస్తకం ఉంచుకొన్నాడో, పాత కాగితాలవానికి వేసినాడో నాకు తెలియదు. ఈ పుట వాని కంటబడితే, ఆనాడు నేను చెప్పవలసి ఉండి చెప్పని మాట ఇక్కడ ఉన్నదని గ్రహిస్తే చాలును. నాయనా, నీ భాషలో సంధి సూత్రాలు సరిగానే ఉన్నవి. మూడవదానికి మాత్రం ఇంకొక ఉదాహరణం కావలెను.